ఆ డిస్కు పోగొట్టింది పశువుల సారు కాదు

మా పశువుల సారు పోయారు. పుంగనూరులో వాళ్లింటి వసారాలో కూర్చుని కాఫీ తాగుతుండగా గుండె ఆగిందట. మదనపల్లెలో నా కంప్యూటర్ సెంటరుకు ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఉన్నపళంగా షట్టరు దించి బస్సెక్కాను.

పదకొండో రోజు సంతాపసభ పెట్టారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, సారు మంచివాడేగానీ పాపం ముసలితనంలో కంప్యూటర్ జోలికి పోయి, అది తెలియక పదేళ్ల కష్టాన్ని పోగొట్టుకున్నాడు అన్నాడు. జనమంతా అయ్యో అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి అబద్ధం అని అరవాల్సింది. సావు జరిగిన ఇంట్లో గొడవెందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ పిరికితనం మీద కోపంతో కూడా ఇది రాస్తున్నాను.

సారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. రైతులకు మాత్రం ఆయనే డాక్టరు. మనిషి నడుము దాకా కూడా రాని మన పుంగనూరు ఆవులు ఊళ్లల్లో తగ్గిపోతున్నాయని ఆయనకు దిగులు. అందుకే ఊరూరా తిరిగి ఒక్కో ఆవు పేరు, ఎత్తు, దాని తల్లి ఏది, తండ్రి ఏ ఆబోతు అని రాసుకునేవారు. మిగిలినవే కొన్ని. ఒకే తండ్రికి పుట్టిన ఆవునూ ఆబోతునూ కలిపితే దూడలు బలం లేకుండా పుడతాయి, అలా నాలుగు ఈతలు పోతే జాతే పాడవుతుంది. ఆవు ఎదకొచ్చినప్పుడు ఏ ఆబోతు దగ్గరికి తోలాలో రైతులు ఆయన్నే అడిగేవాళ్లు. ఆయన రాతలు చూసి చెప్పేవారు.

ఏ ఇంటికి పోయినా ముందు పశువుల కొట్టంలోకే పోయేవారు. ఇంటాయన్ని బాగున్నావా అని అడిగేది ఆ తర్వాతే. ఆవు కట్టేసే చోటు, ఆ గాటిపాట తడిగా ఉంటే తిట్లు, ముక్కుతాడు బిగుసుకుని ఉంటే తిట్లు. అయినా ఆయన వస్తున్నారంటే పెద్దపంజాణి వైపు ఆడవాళ్లు పొద్దున్నే ఆవుల్ని కడిగి ఉంచేవాళ్లు.

పుస్తకాలకు చెదలు పట్టి సగం తినేశాక ఆయన నా సెంటరుకు వచ్చారు. అరవై దాటిన మనిషి, చెదలు తిన్నవి మళ్లీ అడిగి తెలుసుకుని, ఒక్క వేలితో కొడుతూ ఏడాదిలో ఆవులన్నిటినీ ఎక్కించారు. ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకుంటే దాంట్లో విండోస్ బదులు నేనే లినక్స్ వేసిచ్చాను. వైరస్ బాధ ఉండదని గొప్పగా చెప్పాను. అప్పుడు నాకు లినక్స్ పిచ్చి. కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా తిరిగేవాణ్ణి.

తన రాతల కాపీ ఒకటి జిల్లాలో ఒక ఆఫీసులో ఉంచాలని సారు కోరిక. ఆఫీసు పేరు చెప్పను. సీడీల్లో రాసిద్దామన్నారు. ఫొటోలతో కలిపి ఎన్ని సీడీలని రాస్తాం, బయటి హార్డ్ డిస్కులో ఇద్దామని నేనే అన్నాను. ఇక్కడే ఫార్మాట్ గొడవ వచ్చింది. ఫ్యాట్ థర్టీటూ అనే పాత ఫార్మాట్‌ను విండోస్, లినక్స్ రెండూ చదువుతాయి, రెండూ రాస్తాయి. కాకపోతే నాలుగు జీబీ దాటిన ఫైలును అది పట్టదు. సారు ఆవుల మీద తీసిన వీడియో ఒకటి అంతకంటే పెద్దది. దాన్ని రెండు ముక్కలు చేసి పెట్టప్పా అన్నారు ఆయన. అదంతా పాత చింతకాయ పచ్చడి అని కొట్టిపారేసి, నేను లినక్స్ వాళ్ల ఈఎక్స్‌టీ త్రీ ఫార్మాట్‌లో మొత్తం ఎక్కించాను.

"ఆ ఆఫీసులో ఏం మిషన్ ఉండాదో సూసినావా?" అని అడిగారు సారు. "మనకు నచ్చింది కాదప్పా, తీసుకునేటోళ్ల మిషన్ సదివేది పెట్టల్ల. ఆడికి పోయి ఒకసారి తెరిసి సూపించి రా."

అంతకంటే తెలివైన మాట నేను ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ చదవలేదు. సరే సార్ అన్నాను. పోలేదు. డిస్కును ఎవరి చేతో పంపించాను.

రెండు నెలలకు పిడుగు పడిన రోజు సారు ఇంట్లో కంప్యూటర్ లోపలి డిస్కుతో సహా కాలిపోయింది. ఏం కాదు సార్, కాపీ ఉంది కదా అని ధైర్యంగా ఆయన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా డిస్కు తెచ్చిచ్చాడు. లోపలంతా వాళ్ల మీటింగు ఫొటోలు. ఆవులు లేవు.

వాళ్లది విండోస్. ఈఎక్స్‌టీ త్రీ దానికి అర్థం కాదు. "పెట్టంగానే ఫార్మాట్ చేయాల్నా అని అడిగిందన్నా. ఖాళీదేమో అనుకోని సరే అని నొక్కినా" అన్నాడు, నిమ్మళంగా. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. సారే విడిపించారు. డిస్కు తెచ్చి నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. సగం ఫొటోలు వచ్చాయి. ఆవుల వివరాలున్న పట్టిక రాలేదు.

గాటిపాట తడిగా ఉంటేనే ఇల్లెగిరిపోయేలా తిట్టే మనిషి ఆ రోజు బస్సులో నన్ను ఒక్క మాట అనలేదు. పుంగనూరు వచ్చే ముందు మాత్రం, "వానిదేముందప్పా, మిషన్ అడిగింది, సరే అన్న్యాడు. తెరిసి సూడకుండా ఇచ్చింది మనం" అన్నారు. మనం అన్నారు. ఇచ్చింది నేను. ఆ పొద్దు చెంప పగలగొట్టి ఉంటే నా మీద నాకు ఇంత కోపం ఉండేది కాదేమో.

మిగిలిన పుస్తకాలూ అప్పటికే చెదల పాలయ్యాయి. మళ్లీ మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పులతో, గొడుగు ఊతంగా, అవే ఊళ్లు. కొత్త డిస్కుకు ఫ్యాట్ థర్టీటూనే పెట్టించారు. వీడియోలు ముక్కలు చేయించారు. పని పెరిగినప్పుడల్లా డిస్కును తువ్వాలులో చుట్టుకుని మదనపల్లెలో నా దగ్గర తెరిచి చూసి, కుప్పంలో కూతురింటికి పోయి అక్కడా తెరిచి చూసి, ఒక పేరు కొట్టి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూసేవారు. పాత రైతులు కొందరు పోయారు, ఏ ఆవు ఎవరికి పుట్టిందో వాళ్లతోనే పోయింది. పెద్దపంజాణి పూర్తయింది. బైరెడ్డిపల్లె సగం అయింది. అంతలో ఈయనా పోయారు. కంప్యూటర్ తెలియక పోగొట్టుకున్నాడట! తెలిసినోడినని విర్రవీగిన నా వల్ల పోయిందయ్యా పెద్దమనిషీ, రాసుకో.

ఆయన భార్య ఆ కొత్త డిస్కు నాకిచ్చింది. మొన్న పొద్దున బైరెడ్డిపల్లె దగ్గర పల్లె నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. సారు నంబరుకు చేస్తే ఆమే నా నంబరు ఇచ్చిందట. "ఆవు ఎదకొచ్చిందప్పా. పక్కూరిదో ఆబోతు, పంజాణిదో ఆబోతు. ఏ దాని కాడికి తోలుకపొమ్మంటావు? మద్యాన్నానికి ఎద దాటిపోతాది."

డిస్కు పెట్టాను. ఒక్క క్షణంలో తెరుచుకుంది. రెండు ఆబోతుల వివరాలూ, వాటి తండ్రులతో సహా, ఉన్నాయి. వాళ్ల ఆవు పేరుంది, ఎత్తుంది, తల్లి పేరుంది. తండ్రి అన్నచోట ఏమీ లేదు. మళ్లీ పోయి కనుక్కోవాలని సారు ఖాళీగా వదిలిపెట్టారు.

"ఉండావా అప్పా?" అంటున్నాడు రైతు. ఉన్నానన్నాను. అతను ఫోను పెట్టలేదు. వెనకాల ఆవు అరుస్తూనే ఉంది.