నల్లబండ మీద పిడుగు ముద్ర

నేను పరిశోధించేది రాళ్ళలోని అయస్కాంతత్వాన్ని. కాపురం చిక్కబళ్ళాపురలో, ప్రయోగశాల బెంగళూరులో. మా పెద్దమ్మది బాగేపల్లి అవతల పల్లె. వాళ్ళ ఊరి గుట్ట మీద నల్లరాయి ఒకటి గోడలా చాలాదూరం సాగి ఉంది. అందులో ముక్కలు కోసుకురావడానికి ఒక వేసవిలో వెళ్ళాను. దారి చూపడానికి పెద్దమ్మ వెంట వచ్చింది.

ఒకచోట దిక్సూచి పెడితే ముల్లు పడమరకు తిరిగింది. రెండడుగులు జరిగితే దక్షిణానికి. చెడిపోయిందనుకున్నాను. కానీ దూరంగా తీసుకుపోతే సరిగ్గా ఉత్తరమే చూపించింది.

నా అవస్థ చూసి పెద్దమ్మ మెల్లగా అంది. "ఆడ పిడుగు పడిండాదమ్మా. నా కండ్లతో చూసినా."

అప్పుడామె కొత్త కోడలు. చింతామణి సంతలో కొన్న మేకల్ని మేపుతోందట. చినుకైనా పడలేదు. ఉన్నట్టుండి నిప్పు దిగింది. కాలిన వాసన కొట్టింది, రెండు మేకలు అక్కడే చచ్చిపోయాయి. ఇంటికొచ్చి చెబితే అత్త నమ్మలేదు. వాన లేకుండా పిడుగేమిటని మరిది నవ్వాడు. విషమెక్కే లేత జొన్న తిననిచ్చి మేకల్ని చంపిందన్న మాటే ఊళ్ళో నిలిచిపోయింది.

ఆ చోటు చుట్టూ ఆరు ముక్కలు కోశాను. దిక్సూచిని నమ్మలేను కాబట్టి ఎండలో పుల్ల నీడను బట్టి దిక్కులు గుర్తుపెట్టుకున్నాను. పిడుగు పడిన రాళ్ళలో పాత అయస్కాంతత్వం చెరిగిపోతుంది కాబట్టి మామూలుగా పక్కన పడేస్తామని నా పరిశోధన గైడ్ అన్నారు. అయినా కొలిచాను. వాటి అయస్కాంతత్వం పక్క రాళ్ళకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్కో ముక్కకు ఒక్కో బాణం కాగితం మీద గీశాను. ఆరు బాణాలూ ఒక చుక్క చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు నిలబడ్డాయి. మా ప్రయోగశాలలో సిద్ధాంతం లెక్కగట్టే ఒకాయన లేచి, నా కొలతల నుంచి బోర్డు మీద విద్యుత్తు దిగిన దారిని వేశారు. అది దిగిన చోటూ నా చుక్కా ఒకటే అయ్యాయి.

రెప్పపాటు కూడా ఉండని మెరుపది. అది పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆ దిశను ఇంకా పట్టుకున్నవి ఇనుములోని ఎలక్ట్రాన్లు. ప్రతిదీ ఒక చిన్న అయస్కాంతం. మామూలు అయస్కాంత బలమైతే వాటిని వరసలో నిలపలేదు. ఒకదానికొకటి తేడా తెలియనంత ఒకేలా ఉండటమే వాటినలా కట్టిపడేస్తుందని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. ఎమ్మెస్సీలో ఆ సమీకరణం కంఠతా పట్టాను. దాని ముందు ఒళ్ళు జలదరించింది మాత్రం ఆ రోజే.

ఆ కాగితం తీసుకుని నేనూ పెద్దమ్మా మళ్ళీ గుట్టెక్కాం. ఈసారి ఆమె మరిదీ వచ్చాడు. పెద్దమ్మ కాగితం చూడకుండానే బండ మీద ఒకచోట వేలు పెట్టింది. కొలిచి చూశాను. నా చుక్కకు జానెడు దూరం. మరిది దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ఆ చోటు చుట్టూ నడిచాడు. ముల్లు తిరుగుతూనే ఉంది. ఆగి పెద్దమ్మతో అన్నాడు. "మా యమ్మ ఉండాల్సింది వదినా, ఇది చూసేదానికి."

దిగి వస్తుంటే పెద్దమ్మ నన్ను అడిగింది. "నేనూ ఆ పక్కనే ఉంటి కదమ్మా. నాలో ఏమన్నా నిలిచిండాదా?"

రక్తంలోనూ ఇనుము ఉందనీ, అది మాత్రం అలా వరసకట్టి నిలవదనీ చెప్పాను.

ఆమె కొంతదూరం నడిచి ఆగింది. "అట్లయితే ఆ కాలిన వాసన నాకింకా ఎందుకొస్తాదమ్మా?"