డెక్ మీద నిలబడిన ముత్తాత

2023లో రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్‌లోని మా ఇంటి ముందుగదిలో నేను జీఈడీ సోషల్ స్టడీస్ చెప్తున్నాను. జీఈడీ అంటే అమెరికావాళ్ళ హైస్కూలు పరీక్ష. అది పాసైతే ఇక్కడి పరీక్షతో పని లేకుండా థాయిలాండ్‌లోనో మరోచోటో కాలేజీలో చేరవచ్చు. అందుకే మా పేట పిల్లలు, మన ఊరికి రైలు ఎవరు తెచ్చారో తెలియకపోయినా, అమెరికాలో పట్టాలు ఎవరు వేశారో గడగడా అప్పజెప్తారు. అప్పజెప్పించేది నేనే కాబట్టి ఎవరినీ తప్పుపట్టను.

ఆ ఏడు నా దగ్గర చదివినవాళ్ళలో పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె. బయట బర్మా పేరు మ తీరి, ఇంట్లో పైడమ్మ. వాళ్ళ ముత్తాత రేవులో బస్తాలు మోయడానికి విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాడు. పైడమ్మకి మార్కులు బాగా వచ్చాయి. బ్యాంకాక్‌లో ఒక కాలేజీ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి పిలిచింది. అది వస్తేనే చదువు, లేకపోతే మామయ్య దుకాణంలో కూర్చోవాలి. "మీ కుటుంబం గురించి చెప్పండి" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది గనుక మా ఇంట్లో మాక్ ఇంటర్వ్యూ, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ, పెట్టాను. తోడుగా వాళ్ళ మామ్మ అప్పయ్యమ్మ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

పైడమ్మ ఇంగ్లీషులో చక్కగా చెప్పింది. ముత్తాత స్వేచ్ఛ కోసం, మంచి బతుకు కోసం ఓడెక్కాడట. డెక్ మీద మూట పట్టుకుని నిలబడి, దూరాన ష్వేడగాన్ పగోడా బంగారు శిఖరం కనబడగానే కన్నీళ్ళు పెట్టుకున్నాడట. మెచ్చుకోబోయి ఆగాను. ఆ దృశ్యం నాకు బాగా తెలుసు. మా పుస్తకంలో వలసల పాఠం మొదటి పేజీ బొమ్మ అది. న్యూయార్క్ చేరుతున్న ఓడ, మూటలతో జనం, అందరి చూపూ ఆ పెద్ద విగ్రహం వైపే. పిల్ల విగ్రహం తీసేసి పగోడా పెట్టింది, అంతే. అబద్ధమాడటం లేదు. తనకి నిజంగానే అలా గుర్తుంది.

ఆ మాటలు మామ్మకి తెలుగులో చెప్పాను.

"ఏటి సూసేడు?" అంది ఆవిడ. "ఓడ అడుగున కూకున్నోడికి ఏటి అగుపిస్తాది? కూలీల మేస్త్రీ తోలుకొచ్చేడు. దిగిననాడు వాన. మా అయ్య నెత్తిమీద గోనె కప్పుకుని దిగేడు."

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి మామ్మా?" అంది పైడమ్మ.

"నువ్వడిగితే గదా. ఏటేటా ఏరు దాటి దలా ఎల్లే పడవెక్కి నడి ఏట్లో ఆకులో అన్నం, ఎండుసేప ఎట్టి ఒదుల్తావు. ఎవురికనుకున్నావు?"

"గంగమ్మకి."

"గంగమ్మకి కాదే. మా సిన్నయ్యకి. అప్పన్నని, మా అయ్య తమ్ముడు. ఓడలో జొరమొచ్చి పోతే సముద్రంలో ఒదిలేసేరు. ఆడి పేరు తెలిసినదాన్ని నానొక్కదాన్నే మిగిలేను. నాను పోతే ఆ పేరు కూడా పోతాది. ఆ సదువుకున్నోళ్ళకి ఏటైనా సెప్పాలనుంటే ఆడి పేరు సెప్పు."

ఊహ తెలిసినప్పటినుంచీ తన చేత్తో వదులుతున్న ఆకు పైడమ్మకి చరిత్రలా తోచలేదు. చరిత్రంటే పరీక్షలో వచ్చేది. నాకు జాలి వేసింది. పిల్ల మీదో, ఆ ముసలామె మీదో చెప్పలేను.

వృత్తిరీత్యా చూస్తే మొదటి కథే మేలు. వినేవాళ్ళకి అలవాటైన కథ, సుఖంగా ముగుస్తుంది. రెండోది చెప్పడానికి పైడమ్మ ఇంగ్లీషు చాలదు, తడబడితే సీటు పోవచ్చు. ఆ మాటే చెప్పి నిర్ణయం తనకి వదిలాను. ఇంటర్వ్యూలో ఆమె తడబడుతూనే అప్పన్న పేరు చెప్పింది. "ఇది మీకెలా తెలుసు?" అని అవతల ఒకాయన అడిగాడట. "ఏటా ఆయనకి అన్నం పెడతాం" అందట.

స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ కథ వల్లనో, లెక్కల మార్కుల వల్లనో నాకు తెలియదు. తెలుసునని చెప్పే ట్యూటర్లని నమ్మకండి.

ఇప్పుడు నేను వలసల పాఠం తెరిచేముందు పిల్లల్ని ఇంటికి పంపుతున్నాను, మనవాళ్ళు ఎలా వచ్చారో పెద్దవాళ్ళని అడిగి రమ్మని. ఆ బొమ్మ ముందే చూసేస్తే, తర్వాత ఏం విన్నా దానికే అతుక్కుంటుంది. ఈ సంగతి నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఆ ఇంటర్వ్యూ రోజున కాదు. పైడమ్మ ప్రయాణానికి ముందు చెప్పిపోవడానికి వచ్చింది. ఇక్కడ పంతులమ్మని సయామ అంటారు. కాఫీ తాగుతూ మామూలుగా అడిగింది.

"సయామ, మీ ముత్తాత ఎలా ఒచ్చేరు?"

చెప్పబోయాను. మావాళ్ళూ ఆ రేవులోనే దిగారు. కానీ నా కళ్ళముందుకి వచ్చింది ఆ డెక్, ఆ మూటలు, ఒకేవైపు చూస్తున్న ఆ జనం. మా ఇంట్లో అడగడానికి ఎవరూ మిగల్లేదు.