పదమూడో గడి

మా ఓడరేవు ఊళ్లో ఖమైస్‌ను అందరూ డాక్టర్ అంటారు. ఆయన మందుల షాపులో మాత్రలు అందించే ఉద్యోగి. అయితే ఆ బిరుదుకు కారణం మాత్రలు కాదు, ఫుట్‌బాల్ కూపన్. శుక్రవారం నమాజు కాగానే అమ్మార్ కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, రోగి నాలుక చూసినట్టు కూపన్‌ను వెలుతురులో చూస్తాడు. పదమూడు మ్యాచ్‌లు, పదమూడు గడులు. సొంత మైదానంలో ఆడే జట్టు గెలుస్తుందనుకుంటే ఒకటి, సమానమైతే ఇంటూ గుర్తు, బయటినుంచి వచ్చిన జట్టు గెలుస్తుందనుకుంటే రెండు. శాస్త్రమంతా ఇంతే. ఇంత చిన్న శాస్త్రంలో ఇంతమంది పెద్దలు ఎలా మునిగారో ఆయన కొత్తవాళ్లకు ఓపికగా బోధిస్తాడు.

ఆ వసంతంలో చేరిన శిష్యుడు లజ్‌హర్, చేపల రేవుకు ఐసు లారీ తోలేవాడు. భయమేసిన ప్రతి గడిలోనూ రెండేసి గుర్తులు పెట్టొద్దని ఖమైస్ అతనికి మొదటి పాఠం చెప్పాడు. అలా పెట్టిన ప్రతిసారీ కూపన్ ధర రెట్టింపవుతుంది, భయమంత ఖరీదైన వ్యసనం మరొకటి లేదు. పక్కపక్క ఊళ్ల జట్లు తలపడుతుంటే ఇంటూ వైపు చూడమన్నాడు, అక్కడ ఇద్దరికీ గెలవడం కన్నా పరువు నిలబెట్టుకోవడం ముఖ్యం గనక. దేశమంతా రాసిందే నువ్వూ రాస్తే, నెగ్గినా పంచుకునేవాళ్లు పెరిగిపోయి చేతికి చిల్లరే మిగులుతుందన్నాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది, అభిమానాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి రావాలన్నాడు.

ఈ ఆఖరి సూత్రం మాత్రం మా ఊళ్లో చెల్లదు. కూపన్ చేతికి రాగానే, తక్కిన మ్యాచ్‌ల మొహం కూడా చూడకుండా, బిస్మిల్లా అని మా క్లబ్బు గెలుస్తుందని రాసేస్తాం. సిగరెట్ల కొట్లో కూపన్లు తీసుకునే ముసలాయన కళ్లజోడు సర్దుకుని మొట్టమొదట ఆ గడే చూస్తాడు. మా క్లబ్బేమో శ్రద్ధగా ఓడుతూ ఉంటుంది. కాబట్టి పదమూడూ సరిపోయిన మనిషి మా ఊళ్లో ఇంతవరకూ లేడు. పన్నెండు దాకా వచ్చి ఆగిపోయిన పెద్దమనుషులు మాత్రం వీధికొకరు చొప్పున ఉన్నారు. వాళ్లందరికీ పెద్ద ఖమైస్. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, పదమూడూ సరిగ్గా రాసిన కూపన్ ఈ బల్ల మీద పెట్టాలని ఆయన కోరిక. డబ్బు సంగతి ఆ తర్వాతే.

సీజను ఆఖరి వారం మా మైదానానికి రాజధానినుంచి చాంపియన్లు వస్తున్నారు. సమానం చేసుకున్నా మా క్లబ్బు పెద్ద డివిజన్‌లో మిగులుతుంది. ఓడితే కిందికి పోతుంది. ఖమైస్ ఎప్పట్లాగే ఆ గడిలో ఒకటి రాయడం లజ్‌హర్ చూశాడు.

"డాక్టర్, నిజం చెప్పు. మనవాళ్లు వాళ్ల ముందు నిలబడతారా?"

"నిలబడరు."

"మరి ఒకటి రాశావేం?"

"చేతికి అలవాటైపోయిందిరా."

"బాగుంది బాబాయ్. చేదు మందు మాకూ, హల్వా నీకూనా?"

బల్లంతా నవ్వింది. ఖమైస్ కూడా నవ్వి, కూపన్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే షేర్ టాక్సీ ఎక్కి, తనను ఎరగని పక్క ఊరికి వెళ్లి, అక్కడ కొత్త కూపన్ కొన్నాడు. పన్నెండు గడులు ఎప్పట్లాగే నింపాడు. అడుగున మా క్లబ్బు ఉన్న పదమూడో గడిలో, ఎవరో తన మెడ వెనక నిలబడి చూస్తున్నట్టు అటూ ఇటూ చూసి, రెండు వేశాడు.

ఆదివారం మధ్యాహ్నానికే తక్కిన మ్యాచ్‌లన్నీ అయిపోయాయి. పన్నెండూ సరిపోయాయి. సాయంత్రం అమ్మార్ హోటల్లో టీవీ ముందు ఊరంతా చేరింది. మా కుర్రాళ్లు ఎన్నడూ లేనంత బాగా ఆడారు. ఆట ముగింపుకొచ్చినా స్కోరు ఒకటి ఒకటి. అలాగే ఉంటే క్లబ్బు బతుకుతుంది, ఖమైస్ పన్నెండు దగ్గరే ఉండిపోతాడు. అప్పుడు రిఫరీ వాళ్లకు పెనాల్టీ ఇచ్చాడు.

అమ్మార్ కాఫీ యంత్రం ఆపేసి అందరినీ దువా చేయమన్నాడు. అందరితో పాటు ఖమైస్ కూడా అరచేతులు పైకెత్తాడు. ఎత్తాడు గానీ ఏం అడగాలో తెలియలేదు. వాన పడుతోందో లేదో చూసుకునే మనిషిలా అలా చేతులు చాపుకుని కూర్చున్నాడు. బంతి వలలో పడింది. ముసలివాళ్లు ఎర్రటోపీలు పెట్టుకుని ఒక్కొక్కరే లేచిపోయారు.

ఆ తర్వాత జరిగింది ఖమైస్ భార్య సాల్హా మా ఆవిడకు ఒట్టు పెట్టించుకుని చెప్పింది. మా ఆవిడ నాకు ఒట్టు లేకుండానే చెప్పింది. ఇంటికెళ్లి ఆయన కూపన్ తీసి సాల్హా ముందు పెట్టాడట. రేడియోలో చెబుతున్న ఫలితాలతో ఆమె ఒక్కొక్క గడీ వేలితో పోల్చుకుంటూ అడుగుదాకా వచ్చి, పెళ్లింట్లో ఆడవాళ్లు నాలుకాడిస్తూ కూసినట్టు కూయబోయింది. ఆయన గబుక్కున ఆమె నోరు మూశాడు.

"వద్దే. ఊరంతా చావింట్లో ఉన్నట్టుంది."

"ఇన్నేళ్లకి వచ్చింది. సంతోషపడొద్దా?"

"పడు. చప్పుడు చెయ్యకుండా పడు."

అప్పుడు గాని ఆమె ఆ అడుగు గడిలో ఏం రాసి ఉందో ఆలోచించలేదు. ఆలోచించాక లేచి కూస్కూస్ వేడి చేయడానికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఆయనకు కాస్త ఆకలైనా వేసేది.

సోమవారం బహుమతి ప్రకటించారు. మా ఊరు తప్ప దేశమంతా ఆ గడిలో రెండే రాసింది. తక్కిన మ్యాచ్‌లలోనూ గెలవాల్సినవాళ్లే గెలిచారు. పంచగా పంచగా ఖమైస్ వాటాకు వచ్చింది, పక్క ఊరు పోయివచ్చే టాక్సీ ఖర్చు తీసేస్తే, ఆలుమగలిద్దరికీ చెరో గిన్నె లబ్లాబీ, అంటే శనగల పులుసు. అదైనా పైన గుడ్డు లేకుండా. ఆయన ఆ డబ్బు తెచ్చుకోవడానికి వెళ్లలేదు.

మంగళవారం కిటికీ బల్ల దగ్గర మేమంతా తలలు వంచుకుని కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలి గనక లజ్‌హర్ అడిగాడు.

"ఎన్ని సరిపోయాయి డాక్టర్?"

ఖమైస్ బల్ల మీదకు చూశాడు. చేయి చొక్కా జేబుదాకా వెళ్లి, అక్కడే ఆగింది.

"పన్నెండు."

"పోన్లే బాబాయ్, ఆ ఒక్కటీ మనందరిదీ పోయింది కదా" అన్నాడు లజ్‌హర్. అమ్మార్ అడగకుండానే కాఫీ తెచ్చి ముందు పెట్టి, ఇవాళ నీ దగ్గర డబ్బు తీసుకోనన్నాడు. నాకు అప్పటికింకా సంగతి తెలియదు. నేనూ ఆయన భుజం తట్టాను.