వేయని రెండో తూకం

ఆ ప్రమాదానికి కారణం డేల్ కాదు. ఆరని సరుకు ఆరిందని సంతకం పెట్టింది నేను. పన్నెండేళ్లు ఈ మాట ఎక్కడా చెప్పలేదు.

అప్పట్లో పెన్సిల్వేనియాలోని ఒక స్మెల్టర్‌లో హెచ్-1బి మీద ప్రాసెస్ మెటలర్జిస్టుగా చేసేవాణ్ని. పాత కార్ల పొగగొట్టాల్లో పొగను శుద్ధి చేసే కెటలిస్టు, రసాయన కర్మాగారాల వడపోత మడ్డి మా ముడిసరుకు. వాటిని సున్నపురాయి, రాగితో కలిపి కొలిమిలో కరిగిస్తే ప్లాటినం, పల్లాడియం రాగిలో చేరి అడుక్కి దిగుతాయి; మిగిలిన చెత్త పైన తేలుతుంది. మడ్డిని ముందు ఓవెన్‌లో ఆరబెట్టి తూచాలి. ఇంకో గంట ఓవెన్‌లో ఉంచి మళ్లీ తూచాలి. బరువు తగ్గిందంటే లోపల ఇంకా నీరున్నట్టే. కరిగిన లోహంలో నీరు చిక్కితే ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని బయటికి చిమ్ముతుంది.

ఆ మార్చిలో ఒకరోజు కొలిమి ఖాళీగా ఉందని ప్లాంట్ మేనేజర్ సుధాకర్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. నేను రెండో తూకం వేయలేదు. మొదటి అంకెనే తూకం ఫారంలో రెండో గడిలోనూ రాసి సంతకం పెట్టాను. సరుకు వేసిన ఆపరేటర్ డేల్. చిమ్మిన రాగికి అతని కుడి ముంజేయి కాలింది.

విచారణలో డేల్ కట్టు కట్టిన చేతితో మా ఎదురుగా కూర్చున్నాడు. తడి కనిపించలేదా అని సుధాకర్ గారు అతన్నే నిలదీశారు. మెటలర్జిస్టు సంతకం ఉంది కదా అన్నాడు డేల్. ఆయన నా వైపు తిరిగి, నవ్వుతూ, తెలుగులో అన్నారు:

"నీ గ్రీన్‌కార్డ్ ఫైల్ నా టేబుల్ మీదే ఉంది నాయనా. నువ్వేం మాట్లాడకు. వీడికేం, ఇంకో ప్లాంట్‌లో పని దొరుకుతుంది."

ఏమంటున్నారని డేల్ నన్ను అడిగాడు. నా భార్యకు అప్పుడు ఏడో నెల. ఆమె ఎలా ఉందని అడుగుతున్నారన్నాను. డేల్ నాకు కంగ్రాట్స్ చెప్పాడు.

వారంలో అతన్ని తీసేశారు.

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతనికి అర్థంకాని భాషలో అతని పొట్టకొట్టి నవ్విన సుధాకర్ గారి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. నా మీద ఇంకా ఎక్కువ. వీసా మీద ఉన్నవాడివి, ఏం చేయగలవులే అంటారు మనవాళ్లు. ఆ ఓదార్పు నాకొద్దు. తూకం ఎగ్గొట్టింది వీసా కాదు. ఆయన బెదిరించకముందే దొంగ అంకె రాసింది నేను. సంతకం ఒకడిది, కొలిమి ముందు నిలబడేది మరొకడు: ఈ వృత్తిలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే.

ఈ ఏడాది ఉద్యోగం వదిలేశాక కంపెనీకి జరిగింది రాసి పంపాను. దాని కాపీతో డేల్ ఇంటికి డ్రైవ్ చేసుకుని వెళ్లాను. ఆ రోజు తెలుగులో అన్న మాటలు ఇంగ్లీషులో చెప్పాను. అతను కూర్చోమనలేదు. కాగితం చదివి, సరుకు సరిగా చూడలేదేమోనని ఇన్నేళ్లూ తనను తానే తిట్టుకున్నానన్నాడు.

"చూసినా తెలిసేది కాదు డేల్. అది తూస్తేనే తెలుస్తుంది. నేను తూచలేదు. నన్ను క్షమించు," అన్నాను.