బీరువాలో మైకు

నీల పెళ్లయి సిరిసిల్లకు వచ్చిన నాటి నుంచి నూలు కండెలు చుడుతోంది. వాళ్ల వాడలో బట్ట నేసే కరెంటు సాంచాలు ఆడుతుంటే పక్క మనిషి మాట కూడా వినబడదు. చేతులతో, పెదవులతో మాట్లాడుకోవడం అక్కడ అందరికీ అలవాటు. చేతి సైగకు చటుక్కున లేచి వచ్చే పిల్లకు చెవుడని ఎవరికి తోస్తుంది? కూతురు భాగ్యశ్రీ సంగతి అలాగే ఆలస్యంగా తెలిసింది.

ఆపరేషన్ చేసి చెవి లోపల యంత్రం పెట్టారు. చెవి వెనక మిషను తగిలించారు. సాంచాలు ఆగిన పూట పిల్ల అన్నీ వింటుంది. ఆడుతుంటే మాటా చప్పుడూ కలిసి ముద్దయిపోతాయి. బడి గోడకు ఆనుకునే సాంచాల షెడ్లు. అందుకని ఆస్పత్రివాళ్లు చిన్న మైకు ఇచ్చారు. సారు మెడలో వేసుకుంటే ఆయన గొంతు నేరుగా పిల్ల మిషనులో పడుతుంది. బడి తెరిచిన రోజే నీల దాన్ని జలపతి సారు చేతికిచ్చింది.

దసరా సెలవుల తర్వాత సారు పిలిపించాడు.

"నీ బిడ్డ చెప్పింది వింటలేదమ్మా. చెవిటి పిల్లల హాస్టల్ల ఎయ్యుండ్రి."

"మైకు పెట్టుకున్నా వినబడ్తలేదా సార్?"

సారు బీరువా తాళం తీశాడు. మైకు డబ్బాలోనే ఉంది, పైన కుంకుమ బొట్టుతో.

"ఖరీదు సామాను. పలిగితే మాట నాకస్తది. పైలంగ దాచిన. పండుగకు పూజ గూడ చేసినం."

నీలకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని నెలలు పిల్లను మొద్దు అన్నారు, చెంప మీద కొట్టారు, వెనక బెంచీకి తోశారు!

"సాంచకు బొట్టు పెట్టి షెడ్డుకు తాళమేస్తే బట్ట వస్తదా సార్? నా బిడ్డకు తిట్లు, మైకుకు పూజనా?"

"గంత గరమైతవేందమ్మా? నేను గట్టిగనే ఒర్రుత గద!"

"గా చప్పుట్ల మీరు ఒర్రితే ఇంకింత చప్పుడైతది. పెట్టుకోండ్రి. పెట్టుకున్నంక గూడ వినకుంటే నేనే హాస్టల్‌కు తోల్కపోత."

మైకులో చార్జింగ్ లేదు. ఉండేదెట్లా? నీల దాన్ని ప్లగ్గుకు తగిలించి, మధ్యాహ్న భోజనాలయ్యేదాకా వరండాలో కూర్చుంది. తర్వాత భాగ్యశ్రీ దాన్ని తన మిషనుకు కలుపుకుంది. సారు మూతి ముడుచుకునే మెడలో వేసుకున్నాడు. సుద్దముక్కలు తెస్తానని పక్క గదికి పోయాడు. నీల తరగతిలోనే ఒక పక్కగా నిలబడింది.

వెనక షెడ్లలో సాంచాలు దడదడలాడుతున్నాయి. వెనక బెంచీలో భాగ్యశ్రీ ఒక్కసారిగా తలెత్తి కిసుక్కున నవ్వింది.

"అమ్మా, నీకు నోరెక్కువట! సార్ సరితా టీచర్‌తోని అంటున్నడు."

పిల్లలంతా గొల్లుమన్నారు. గుమ్మంలోకి వచ్చిన సారు చెయ్యి మెడలోని మైకు మీదికి పోయింది.

"తియ్యకుండ్రి సార్," అంది నీల. నవ్వలేదు. "నాకు నోరెక్కువనే. మీరు మెల్లగ పాఠం చెప్పుండ్రి. బిడ్డ వింటున్నది."

సారు బోర్డు వైపు తిరిగాడు. హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు. మైకు మెడలోనే ఉంది.