మాస్టారు మార్చేసిన బ్యాక్

ఎనభైల్లో మా జిన్నింగ్ మిల్లు ఫుట్‌బాల్ టీముకు కోచ్ మా ఊరి లెక్కల మాస్టారే. గాల్లో వేలితో కూడికలు వేసి, "లెక్క అబద్ధమాడదురా" అనేవారు.

ఒక్క గోలూ కొట్టలేదని, గోలు ముందు అడ్డుకునే మా బ్యాక్‌ను దర్శి టీముకిచ్చేసి, బదులుగా వాళ్ళ ఫార్వర్డును తెచ్చారు. "వాడు కొట్టకపోయినా మనకు పడనివ్వడు కదండీ!" అని గోల్‌కీపరుగా నేను మొత్తుకున్నా వినలేదు.

ఫైనల్లో దర్శితోనే ఆడాం. కొత్త ఫార్వర్డు కాలికి బంతి చిక్కినప్పుడల్లా మా పాత బ్యాక్ లాగేసుకున్నాడు. ఓడిపోయాం.

"ఇప్పుడేమంటారండీ?" అన్నాను ఉక్రోషంగా.

మాస్టారి వేలు మళ్ళీ గాల్లోకి లేచింది. "వాడి విలువ పెరిగిందిరా. తిరిగి తెచ్చుకోవాలంటే ఇద్దరినివ్వాలి. ఆ ఫార్వర్డు ఒకడు..."

నన్ను ఎగాదిగా చూశారు.

"ఏరా, దర్శి బస్సు ఎన్నింటికి?"