నల్లద్దాల వెనక

పరదాలు కుట్టి బతికే మనిషికి కెమెరా పిచ్చి ఏమిటని ఆ వీధిలో చాలామంది బుగ్గలు నొక్కుకున్నారు. ఆవిడ పట్టించుకుంటేగా! నడినెత్తిన ఎండ చుర్రుమనే వేళకి మిషను మీద గుడ్డ కప్పేసి, కెమెరా మెడలో వేసుకుని వీధిన పడేది. ఫొటోలు తీసేవాళ్ళంతా నీడకి పోయే వేళ అది. ఈవిడకి కావలసింది ఆ మాడ్చే ఎండే. కంటికి కనపడని పరారుణ కాంతిని పట్టేలా లోపలి ఫిల్టరు మార్పించిన పాత కెమెరా అది. అందులో పచ్చటి చెట్లు తెల్లగా వెలుగుతాయి, నీలాకాశం నల్లబడుతుంది. తను కుట్టిన నల్ల పరదా ఒకసారి పాలలా తెల్లగా పడితే, ఆ పూట ఆవిడకి తిండి మీద ధ్యాసే లేదు.

"మా ఆవిడ మండుటెండలో మంచు కురిపిస్తుంది. కూరలో ఉప్పు వెయ్యడం మాత్రం గుర్తుండదు" అనేవాడు మొగుడు. ఆయన దృష్టిలో ఫొటో అంటే పెళ్ళిఫొటోయే.

అందుకే ఫొటో ఎలా ఉందని ఆవిడ మొగుణ్ణి ఎప్పుడూ అడగలేదు, అన్నయ్యని అడిగింది. ఆయన ఎన్నో ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపి మానేసిన మనిషి. ఆయన కన్ను పడితే ఫొటోలో తప్పు దాక్కోలేదని పేరు. కంటి ఆపరేషను తర్వాత చూపు బాగానే ఉంది గానీ వెలుతురు పడక నల్ల కళ్ళద్దాలు తీసేవాడు కాదు. ప్రతి ఆదివారం ఆవిడ కొత్త ఫొటోలు అచ్చు వేయించుకుని ఆయన వరండాకి వెళ్ళేది. ఆయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తల కాస్త వంచి, చాలాసేపు అలాగే ఉండి, "ఇది ఉంచు" అనో "ఇది తీసెయ్" అనో తేల్చేవాడు.

"తీసెయ్ అన్నాక దాచుకోకమ్మాయ్. దాచుకుంటే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది. చింపెయ్, కెమెరాలోంచి కూడా చెరిపెయ్. స్టూడియోలో నేనదే చేసేవాణ్ణి."

అన్నయ్య మాట ఆవిడకి వేదవాక్కు. ఆసుపత్రి వెనక, ఆరేసిన దుప్పట్ల మధ్య, తెల్లటి చెట్టు కింద ఒక నర్సు చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటున్న ఫొటో అంటే ఆవిడకి ప్రాణం. అదీ తీసెయ్యమన్నాడు.

"ఏం బాలేదన్నయ్యా ఇందులో?"

"పొందిక లేదు."

ఇంటికి వచ్చి, మిషను ముందు కూర్చుని ఏడ్చి మరీ చెరిపేసింది.

ఆ ఏడాది గ్రంథాలయం వాళ్ళు ఆవిడ ఫొటోలు పెట్టుకోవడానికి తమ హాల్లో ఒక గోడ ఇస్తామన్నారు. ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఏవి పెట్టాలో తేల్చాల్సింది అన్నయ్యే కదా! ఆ ఆదివారం ఆయన ఎండ పడుతున్న వరండాలో ఒక ఫొటో పట్టుకుని తల వంచి ఉండగా, చప్పుడు కాకుండా వరసగా కొన్ని ఫొటోలు తీసేసింది. తన మొదటి గురువు బొమ్మ కూడా ఆ గోడ మీద ఉండాలని ఆశ.

ఇంటికెళ్ళి కంప్యూటర్లో పెద్దవి చేసి చూసింది. నల్లద్దాలు ఆ కెమెరాకి అడ్డం కాలేదు. మామూలు గాజులా తేటగా పడ్డాయి. వాటి వెనక అన్నయ్య కళ్ళు మూసి ఉన్నాయి. రెప్ప వేసినప్పుడు పడిందేమోలే అనుకుంది. తర్వాతి ఫొటోలోనూ మూసే ఉన్నాయి. అన్నిట్లోనూ అంతే. అయినా అన్నయ్యని అనుమానించినందుకు తన్ను తానే తిట్టుకుంది.

తర్వాతి ఆదివారం, ఫొటోల మధ్యలో అచ్చు వెయ్యని ఖాళీ కాగితం ఒకటి పెట్టి ఇచ్చింది. తను వెర్రిదాన్నని తేలితే బాగుండునని దారి పొడుగునా కోరుకుంది.

ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తల కాస్త వంచాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"నీడలు బాగా పడ్డాయి. ఇది ఉంచు."

"అది తెల్లకాగితం అన్నయ్యా."

ఆయన వేళ్ళు కాగితం మీద ఆగిపోయాయి. చిన్నగా దగ్గాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది ఆవిడ.

"మొదట్లో చూశానమ్మాయ్. ఆ తెల్ల చెట్లు నా తలకెక్కలేదు. అర్థం కాలేదంటే నువ్వు రావడం మానేస్తావు. ఆదివారం పూట నాతో మాట్లాడే దిక్కెవరు చెప్పు? కళ్ళు మూసుకుని నీ మాటలు వింటుంటే హాయిగా ఉండేది."

"అయితే అన్నీ బాగున్నాయని ఊరుకోవలసింది! తీసెయ్ అని ఎందుకన్నావు?"

"అన్నీ బాగున్నాయంటే నువ్వు నమ్మవుగా."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తన చేత్తో చింపినవి, చెరిపినవి అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. వాటిని ఈయన చూడనైనా చూడలేదు! పరాయివాడైతే నాలుగు దులిపేసి పోయేది. తోడబుట్టినవాణ్ణి ఏమని తిడుతుంది? సంచిలోంచి ఆయన ఫొటో తీసి ఒళ్ళో పడేసింది.

"ఇదైనా కళ్ళు తెరిచి చూడు."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. వెలుతురుకి కళ్ళు ధారలు కట్టాయి. తుడుచుకుంటూనే ఫొటోని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, బొటనవేలితో ఒక మూల మూసి చూశాడు. తన దొంగతనం పట్టుబడిన ఫొటో అన్న సంగతే మరిచిపోయాడు.

"అమ్మాయ్, ఎంత బాగా తీశావే! ఈ రెప్పల మీద వెలుతురు చూడు. ఎడమ పక్క గోడ ఎక్కువైంది, ఇక్కడికి కోసెయ్. అప్పుడు చూపు ముఖం దాటి పోదు."

ఆవిడ వంగి చూసింది. ఆయన వేలు పెట్టిన చోట కోస్తే నిజంగానే ఫొటో నిలబడింది. ఇంత చూడగల మనిషి! అప్పుడు వచ్చింది ఆవిడకి అసలు ఏడుపు. ఫొటోలన్నీ సంచిలో కుక్కుకుని లేచింది.

"వచ్చే ఆదివారం వస్తావుగా? అన్నీ తీసుకురా. ఈసారి చూస్తాను, ఒట్టు."

ఆవిడ మెట్లు దిగుతూ ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"దేనికన్నయ్యా?" అంది.